విషానికి మూడు వేళ్లు, విరుగుడుకు ఆరు



పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు సూది మందు సంగతి మీ అందరికీ తెలిసిందే. ఆ మందు గురించి పల్లెల్లో రెండు ప్రశ్నలు తరచు వినిపిస్తుంటాయి. ఒకే మందు లోకంలోని పాములన్నిటికీ ఎందుకు పనిచేయదు? పొద్దున ఇస్తే బతికించే మందు, సాయంత్రానికి ఇస్తే ఎందుకు చాలకుండా పోతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనిపించనంత చిన్నవైన కొన్ని మెలికల్లో ఉంది. ఆ మెలికల కథే ఈనాటి ప్రసంగం.

ఈ కథ మనకెందుకు అంటారేమో. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. సగటున ఏడాదికి 58,000 మంది. వీరిలో ఎక్కువమంది పల్లెల వాళ్లే. శనక్కాయ చేలో కలుపు తీసేవాళ్లు, రాత్రిపూట నీళ్లు కట్టే రైతులు, కటిక నేల మీద పడుకునే కూలీలు. గూళూరు, బాగేపల్లి, చింతామణి మొదలుకొని అటు హిందూపురం, కదిరి వరకు ఈ సరిహద్దు పొడుగునా మన బతుకులు ఇవే గదా. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం పాముకాటును ఆసుపత్రులు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వాటి జాబితాలో చేర్చింది. అంత పెద్ద సమస్య ఇది.

సరే, అసలు సంగతికి వద్దాం. ముందుగా మాంసకృత్తు అంటే ఏమిటో చూద్దాం. దీన్నే ప్రోటీను అంటాం. అమైనో ఆమ్లాలు అనే చిన్న చిన్న పూసలను ఒకదాని పక్కన ఒకటి గుచ్చితే వచ్చే దండ ప్రోటీను. ఇరవై రకాల పూసలున్నాయి. ఏ పూస తర్వాత ఏ పూస వస్తుందో దాన్నిబట్టి ఆ దండ తనంతట తాను ముడుచుకుని ఒక ప్రత్యేకమైన ఆకారానికి వస్తుంది. ఆ ఆకారమే దాని పని. ఆకారం చెడితే పని చెడినట్టే.

మన జిల్లాలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. శిడ్లఘట్ట మార్కెట్టుకు మీరు తీసుకుపోయే పట్టుగూళ్లే ఆ ఉదాహరణ. పట్టుదారం కూడా ప్రోటీనే. అందులో దండలోని భాగాలు పక్కపక్కన పేర్చిన పట్టీల మాదిరిగా సర్దుకుంటాయి. చీర కుచ్చిళ్లు గుర్తు తెచ్చుకోండి. బట్ట ఒకవైపు పోయి, మడత తిరిగి, మళ్లీ వెనక్కు వస్తుంది. కుచ్చిళ్ల పొడుగు భాగం చదునుగా, గట్టిగా, వరుసగా ఉంటుంది. మడత తిరిగే చోట మాత్రం వంపు ఉంటుంది. పట్టుకు బలమంతా ఆ చదునైన పట్టీల నుంచే వస్తుంది. మన శరీరంలో రోగాలతో పోరాడే ప్రోటీనులు కూడా ఇలాంటి పట్టీల మీదే కట్టినవి. అయితే వాటి నైపుణ్యం పట్టీల్లో లేదు, మడత తిరిగే వంపుల్లో ఉంది. ఆ వంపునే శాస్త్రజ్ఞులు లూప్ అంటారు. మనం మెలిక అందాం.

ఆ పోరాడే ప్రోటీనుల పేరు ప్రతిరక్షకాలు. ఇంగ్లీషులో యాంటీబాడీలు అంటారు. ప్రతిరక్షకం ఆకారం పంగల కర్రలాగా ఉంటుంది. కింద ఒక కాడ, పైన రెండు చేతులు. మొత్తం పొడవు మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. ఒక్కొక్క చేతిలోనూ రెండు దండలు జతగా ఉంటాయి. ఒకటి బరువైన దండ, రెండోది తేలికైన దండ. ఒక్కొక్క దండ కొసన మూడేసి మెలికలు బయటికి పొడుచుకుని ఉంటాయి. అంటే ఒక్కొక్క చేతికి ఆరు మెలికలు, ఆరు వేళ్లు అనుకోండి. శరీరంలోకి వచ్చిన విషాన్నిగానీ సూక్ష్మజీవినిగానీ పట్టుకునేవి ప్రధానంగా ఈ ఆరు వేళ్లే. మిగిలినదంతా వాటిని నిలబెట్టే చట్రం.

బావిలో బిందె పడిపోతే మనమేం చేస్తాం? తాడుకు కొక్కేల గాలం కట్టి దింపుతాం. తాడు ఏ తాడైనా ఒకటే, గాలం ఉంగరం ఏదైనా ఒకటే. బిందె చిక్కడం, చిక్కకపోవడం కొక్కేల వంపు మీద ఆధారపడి ఉంటుంది. బిందె మూతికి సరిపడే కొక్కెం చెంబుకు సరిపడదు. ప్రతిరక్షకం పని కూడా అలాంటిదే. ప్రతిరక్షకాలన్నిటికీ చట్రం దాదాపు ఒకటే. ఒకదానికీ మరొకదానికీ తేడా అంతా మెలికల్లోనే.

ఈ సంగతిని అమెరికాలో ఎల్విన్ కాబట్, తాయ్ తె వూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1970లో కాగితం మీద కనిపెట్టారు. అప్పటికి తెలిసిన ప్రతిరక్షకాల పూసల వరుసలను ఒకదాని కింద ఒకటి రాసి పోల్చారు. చాలా చోట్ల వరుసలు ఒకదానినొకటి పోలి ఉన్నాయి. కొన్ని చోట్ల మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. విషాన్ని పట్టుకునే చోటు అదే అయి ఉంటుందని వారు ఊహించారు. తర్వాత స్ఫటికాల మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి ఆకారం చూసినప్పుడు, పొంతన లేని ఆ చోట్లు సరిగ్గా ఈ మెలికలే అని తేలింది. మన రక్తంలోని టీ కణాల మీద ఉండే గ్రాహకాలు, అంటే పట్టుకునే సాధనాలు, అవి కూడా ఆరు మెలికలతోనే పనిచేస్తాయి.

మెలిక ఆకారాన్నిబట్టి పట్టు మారుతుంది. చిన్న మందు బిళ్ల ముక్క వంటి పదార్థాన్ని పట్టుకోవాలంటే మెలికలు చుట్టూ లేచి మధ్యలో ఒక గుంత ఏర్పడాలి. దారంలాంటి పొడవైన ముక్కను పట్టుకోవాలంటే కాలువలాంటి గాడి కావాలి. పెద్ద ప్రోటీనును పట్టుకోవాలంటే మెలికలన్నీ కలిసి అరచేయిలాగా ఇంచుమించు చదునైన తలం కావాలి. ఎదుటి దానిలో లోతైన బొరియ ఉంటే, అందులో దూరడానికి పొడవైన వేలు కావాలి. మన ఇంట్లో కట్టేసిన ఆవును చూడండి. దాని ప్రతిరక్షకాల్లో కొన్నిటికి బరువైన దండ మీది మూడో మెలిక అరవై పూసలకు మించి సాగి, కాడ మీద మొగ్గలాగా పైకి నిలుస్తుంది. మనుషుల్లో అదే మెలిక సాధారణంగా పది పదిహేను పూసలు ఉంటుంది.

ఆ మూడో మెలిక గురించి ఇంకొక మాట చెప్పాలి. 1987లో సైరస్ చోథియా, ఆర్థర్ లెస్క్ అనే ఇద్దరు ఒక విచిత్రం గమనించారు. ఆరు మెలికల్లో ఐదు కొన్ని నిర్ణీతమైన ఆకారాల్లోనే ఉంటాయి. బరువైన దండ మీది మూడో మెలిక మాత్రం ఏ కట్టుబాటుకూ లొంగదు. దీనికి కారణం అది తయారయ్యే తీరు. అది ఒకే జన్యువు నుంచి రాదు. మూడు జన్యు ముక్కలు అతుక్కుని వస్తుంది. అతుకు వేసే చోట కొన్ని అక్షరాలు రాలిపోతాయి, కొన్ని కొత్తగా చేరుతాయి. అందుకే ప్రతి కణంలోనూ అది వేరుగా ఉంటుంది. ప్రతిరక్షకాల జన్యువులు ఇలా ముక్కలుగా ఉండి అతుక్కుంటాయని కనిపెట్టినందుకే జపాను శాస్త్రజ్ఞుడు సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే మన శరీరం ముందుగా శత్రువును చూసి ఆయుధం చేయదన్నమాట. కోట్ల రకాల మెలికలను గుడ్డిగా తయారుచేసి పెట్టుకుంటుంది. శత్రువు వచ్చాక, దానికి ఏ మెలిక తగులుకుంటే ఆ కణాన్ని పెంచుతుంది. పెంచేటప్పుడు చిన్న చిన్న మార్పులు చేస్తూ పట్టును బిగిస్తుంది. ఈ బిగింపు ఎలా జరుగుతుందో 1997లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక ప్రతిరక్షకం మీద చూపించారు. తొమ్మిది పూసలు మారేసరికి దాని పట్టు 30,000 రెట్లు పెరిగింది. వింత ఏమిటంటే ఆ తొమ్మిదిలో ఒక్కటి కూడా ఎదుటి పదార్థాన్ని నేరుగా తాకదు. మరి ఏం చేశాయి? అటూ ఇటూ ఊగులాడే మెలికలను సరైన భంగిమలో నిలబెట్టాయి. మొదట మెత్తగా ఉండి వెతుక్కునే వేళ్లు, తర్వాత ముందే వంచి పెట్టిన గట్టి కొక్కేలయ్యాయి. పట్టు బలం మెలికలోని పూసల మీదే కాక, మెలిక ఎంత సిద్ధంగా నిలబడి ఉంది అన్న దాని మీద కూడా ఆధారపడుతుందని దీంతో తేలింది.

ఇప్పుడు పాము వైపు వెళదాం. మన వైపు ప్రాణాలు తీసే పాములు ముఖ్యంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, కన్నడంలో కొళకుమండల అనే రక్తపింజరి, గరగస మండల అనే చిన్న పింజరి. పింజర్ల విషం ముఖ్యంగా రక్తం గడ్డకట్టే శక్తినీ, కండనూ దెబ్బతీస్తుంది. నాగుపాము, కట్లపాముల విషం ముఖ్యంగా నరాల మీద పనిచేస్తుంది. వీటి విషాల్లో ఉండే ఒక ప్రోటీను పేరే మూడు వేళ్ల విషం. పేరుకు తగ్గట్టే దాని ఆకారం అరచేతి నుంచి మూడు వేళ్లు చాచినట్టు ఉంటుంది. ఆ మూడు వేళ్లు కూడా మెలికలే.

మన చేయి కదలాలంటే నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయలుదేరి, కండ మీద ఉన్న గ్రాహకాన్ని తాకాలి. తాళంలో తాళంచెవి తిరిగినట్టు అప్పుడు కండ కదులుతుంది. మూడు వేళ్ల విషంలో కొన్ని రకాలు వచ్చి తమ నడిమి వేలిని ఆ గ్రాహకంలో దూర్చి కూర్చుంటాయి. తాళంలో పుల్ల విరిగినట్టే. నరం పిలుస్తూనే ఉంటుంది, కండకు వినబడదు. ముందు కనురెప్పలు వాలిపోతాయి. తర్వాత మాట ముద్దవుతుంది, మింగుడు పడదు. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి.

అందువల్ల పాముకాటు వైద్యం అంటే మెలికకూ మెలికకూ మధ్య పోటీ. విషానికి మూడు వేళ్లు, విరుగుడు మందులోని ప్రతిరక్షకానికి ఒక్కొక్క చేతికి ఆరు. విషం నడిమి వేలిని ప్రతిరక్షకం ముందుగా పట్టుకుంటే అది గ్రాహకంలో దూరలేదు.

ఆ విరుగుడును ఎలా చేస్తారు? 1890లలో ఫ్రాన్సు దేశపు ఆల్బర్ కాల్మెట్ మొదలుపెట్టిన పద్ధతే నేటికీ నడుస్తోంది. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తారు. గుర్రం శరీరంలో సరైన మెలికలున్న కణాలు పెరుగుతాయి. దాని రక్తం నుంచి ప్రతిరక్షకాలను వేరు చేసి మందుగా నింపుతారు. మన దేశంలో దొరికే మందు పైన చెప్పిన నాలుగు పాముల విషాలకూ కలిపి చేసినది. దానికి కావలసిన విషంలో పెద్ద భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళర్ల సహకార సంఘం నుంచి వస్తూ వచ్చింది.

ఇక్కడే మన మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గుర్రం చూసిన విషానికి సరిపడే మెలికలే దాని రక్తంలో పెరుగుతాయి. ఒకే జాతి పాముకు కూడా ఒక ప్రాంతంలో ఒక రకం విషం, మరో ప్రాంతంలో ఇంకొక రకం ఉంటుంది. విషం వేలి మీద నాలుగు పూసలు మారినా, ఆరు వేళ్ల పట్టు జారవచ్చు. బిందెకు వంచిన కొక్కెం చెంబుకు తగులుకోనట్టే. పైగా ఆ మందులో ఉన్న ప్రతిరక్షకాలన్నీ విషానికి సంబంధించినవి కావు. గుర్రం తన జీవితంలో చూసిన ఇతర సూక్ష్మజీవులకు చేసుకున్నవి కూడా అందులో ఉంటాయి. అందుకే ఎక్కువ సీసాలు ఎక్కించవలసి వస్తుంది. గుర్రం ప్రోటీను కాబట్టి కొందరికి వణుకు, దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం వంటి ప్రతిచర్యలు కూడా వస్తాయి.

ఈ చిక్కును విప్పే ప్రయత్నంలో ఒకటి మనకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ ప్రయోగశాల, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో జోసెఫ్ జార్డిన్ బృందం కలిసి పనిచేశాయి. వారు గుర్రాన్ని పక్కన పెట్టారు. ప్రయోగశాలలో తయారైన 5,000 కోట్లకు పైగా మానవ ప్రతిరక్షకాల భాండారం తీసుకున్నారు. అంటే అన్ని రకాల మెలికల జాతర అనుకోండి. మూడు వేళ్ల విషాల్లో ఒక రకాన్ని అందులోకి వదిలి, ఏవి పట్టుకుంటాయో చూశారు. సుమారు 3,800 మిగిలాయి. వాటికి వేరే పాముల నుంచి వచ్చిన అదే జాతి విషాలు మరో నాలుగు చూపించారు. 30 మిగిలాయి. అందులో మేటిగా నిలిచినదానికి 95మ్యాట్5 అని పేరు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో ఈ ఫలితాన్ని సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ అనే పత్రికలో ప్రకటించారు. ఆసియా, ఆఫ్రికా పాములు కొన్నిటి విషం ఎక్కించిన ఎలుకలను ఆ ఒక్క ప్రతిరక్షకం కాపాడింది.

అన్ని పాముల విషాన్ని ఒకే ప్రతిరక్షకం ఎలా పట్టగలిగింది? ఎక్స్ కిరణాలతో చూస్తే రహస్యం బయటపడింది. మన కండ మీది గ్రాహకం విషాన్ని ఎలా తాకుతుందో, ఈ ప్రతిరక్షకం కూడా విషాన్ని అదే తీరులో తాకుతోంది. ఒక రకంగా అది గ్రాహకం వేషం కట్టింది. దీనిలోని తెలివి చూడండి. పాము తన విషంలో ఏ పూసనైనా మార్చుకోవచ్చు, కానీ గ్రాహకంలో దూరే కొసను మాత్రం పెద్దగా మార్చుకోలేదు. మార్చుకుంటే ఆ విషం పనికిరాదు. మారలేని ఆ చోటునే పట్టుకునే మెలిక దొరికితే, పాము ఏ ఊరిదైనా పట్టు జారదు.

అయితే శ్రోతలారా, ఇది ఎలుకల మీద జరిగిన పరీక్ష. ఆసుపత్రిలో దొరికే మందు కాదు. ఇది మూడు వేళ్ల విషాల్లో ఒక తరగతిని మాత్రమే ఆపుతుంది. నాగుపాము విషంలో వేరే రకాలు కూడా ఉన్నాయి. రక్తపింజరి విషం సంగతి పూర్తిగా వేరు. ఇలాంటి ప్రతిరక్షకాలు మరికొన్ని కలిస్తేనే మన నాలుగు పాములకూ సరిపడే మందు తయారవుతుంది. అంతవరకు మనకు దిక్కు గుర్రం మందే. అది ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందు, సందేహం అక్కరలేదు.

ఇక రెండో ప్రశ్న. ఆలస్యమైతే ఎందుకు చాలదు? ప్రతిరక్షకం రక్తంలో తిరుగుతున్న విషాన్నే సులువుగా పట్టగలదు. పింజరి విషం అప్పటికే దెబ్బతీసిన కండను, మూత్రపిండాన్ని అది తిరిగి కట్టలేదు. కట్లపాము విషంలో మరొక రకం నరం కొసనే లోపలి నుంచి పాడుచేస్తుంది. అది జరిగాక ఆరు వేళ్లూ ఆ చోటికి అందవు. కొత్త నరం కొసలు మొలిచేదాకా రోగికి యంత్రంతో ఊపిరి ఇచ్చి కాపాడవలసిందే. కొక్కెం ఎంత మంచిదైనా బిందె బురదలో కూరుకుపోకముందే వేయాలి గదా.

కాబట్టి చేయవలసినవి గుర్తుంచుకోండి. కాటు పడిన మనిషిని నడిపించవద్దు, పరుగెత్తించవద్దు. కాలునుగానీ చేతినిగానీ విరిగిన ఎముకకు కట్టినట్టు కర్రతో కదలకుండా ఉంచండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి. తాడుతో బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసర్లు పూయవద్దు. పామును చంపి తేవడానికి సమయం పోగొట్టుకోవద్దు. 108కి ఫోను చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ప్రతి కాటుకూ మందు ఎక్కించరు. విషం ఎక్కిన గుర్తులు కనిపిస్తేనే ఎక్కిస్తారు. అందుకే కనీసం ఒక రోజు డాక్టర్ల కళ్ల ముందు ఉండాలి. పసిబిడ్డకు కూడా పెద్దవాళ్లకిచ్చిన మోతాదే ఇస్తారు. పాము వదిలిన విషం ఎవరికైనా అంతే గదా, దాన్ని పట్టడానికి అన్ని వేళ్లూ కావాలి. ఇంకొక మాట. కట్లపాము తరచు రాత్రి నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు ఉండకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు ఎత్తలేకపోతుంటే, గాటు కనబడలేదని ఇంట్లో కూర్చోవద్దు. మంచం మీద, దోమతెర కట్టుకుని పడుకుంటే ఈ కాటు చాలావరకు తప్పుతుంది.

మెలికల మధ్య పోటీలో ఏ వేలు ఎలా వంగాలో ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చూసుకుంటారు. ఆ వేళ్లు సమయానికి విషాన్ని చేరేలా చూడటం మాత్రం ఊళ్లో మన చేతుల్లో ఉంది.